టోటో అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ల 'రోజానా' పాట డ్రమ్ బీట్‌లో ఘోస్ట్ నోట్ గట్టిగా పడుతోంది

స్టీలీ డాన్, బాజ్ స్కాగ్స్ ఆల్బమ్‌లకు స్టూడియోలో వాయించి, 1977లో తోటి స్టూడియో వాద్యకారులతో కలిసి టోటో పెట్టిన డ్రమ్మర్ జెఫ్ పొర్కారో హాఫ్‌టైమ్ షఫిల్ (వేగం సగమైనట్టు వినిపించే, ఊగే బీట్) ఇది, ఇంకో డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ షఫిల్ మీద కట్టుకున్నది. మెట్రోనోమ్ 60లో (నిమిషానికి 60 బీట్లు) హాయిగా వస్తోంది. 75 దాటిందా, మూడో బీట్‌లో స్నేర్ డ్రమ్ గట్టిగా కొట్టిన వెంటనే వినీ వినపడనట్టు రావాల్సిన ఘోస్ట్ నోట్ కూడా దాదాపు అంతే గట్టిగా పడుతోంది, ఎడమ మణికట్టు బిగుసుకుపోతోంది. హైహ్యాట్ (జంట తాళాలు) ఆపేసి ఎడమ చెయ్యి ఒక్కటే సాధన చేశా, ప్రాక్టీస్ ప్యాడ్ మీద చేశా, స్నేర్ ఎత్తు తగ్గించా, స్టిక్ పట్టు కూడా మార్చి చూశా (పక్కింటివాళ్ల ఓపిక గురించి అడక్కండి). లాభం లేదు. దీన్ని అసలు స్పీడ్‌లో వాయించేవాళ్లు చెప్పండి, గట్టి దెబ్బ తర్వాత స్టిక్ పైకి లేవకుండా వేళ్లతో ఆపుతారా, మణికట్టుతోనా?