సమస్యాపూరణం: "నేల విడచి మెఱుపు నింగి కెగసె"

నిర్వహణ:
ఈసారి ఇచ్చిన పాదం ఆటవెలది నాలుగోది. మిగతా మూడూ మీవి.

*నేల విడచి మెఱుపు నింగి కెగసె*

మెరుపు పై నుంచి కిందికి దిగడమే మన కళ్లకు అలవాటు కనుక ఇది అసంభవంలా వినిపిస్తుంది. కానీ ఉరుముల మబ్బుకు పైన, పలచని గాలిలో కూడా మెరుపు పుట్టవచ్చని భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1925లోనే చెప్పాడు. రుజువు మాత్రం 1989 జులై 6న దొరికింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ బృందం ఒక రాకెట్ ప్రయోగం కోసం మసక వెలుతురులో పనిచేసే టీవీ కెమెరాను పరీక్షిస్తుండగా, ఎక్కడో దూరంగా ఉన్న మబ్బు మీద రెండు వెలుగు స్తంభాలు టేపుకు చిక్కాయి.

ఒక్కటే షరతు. మబ్బు పైన పుట్టే ఈ మెరుపుల్లో స్ప్రైట్, బ్లూ జెట్, ఎల్వ్ అని రకాలున్నాయి; ఏ వెలుగు గురించి రాస్తున్నారో ముందే తేల్చుకోండి. స్ప్రైట్ ఎర్రగా 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తు మధ్య కొన్ని మిల్లీసెకన్లు మెరుస్తుంది. బ్లూ జెట్ మబ్బు నెత్తి మీద పుట్టి 40, 50 కిలోమీటర్ల దాకా లేస్తుంది. ఎల్వ్ అయితే 90 కిలోమీటర్ల దగ్గర వలయంలా పరుచుకుని మిల్లీసెకను లోపే మాయమవుతుంది.

వానకోయిల:

*రాకెటొకటి వదల రాత్రివేళను గని*
*యమ్మ చేయి పట్టి యనెను బిడ్డ*
*"నిప్పు తోక తోడ నిలువుగా లేచుచు*
*నేల విడచి మెఱుపు నింగి కెగసె"*

నిర్వహణ:
వానకోయిల గారూ, నడక హాయిగా ఉంది. "నిప్పు తోక తోడ నిలువుగా లేచుచు" అనగానే దృశ్యం కళ్ల ముందు నిలబడింది. పసిబిడ్డ నోట పెట్టి సమస్యను దాటించడం పాత పద్ధతే, తప్పు లేదు. కానీ అసలు మెరుపే పైకి లేస్తుంటే రాకెట్‌ను అడ్డం పెట్టుకోవడం ఎందుకు? అదే వర్షంలో తడిసిన పద్యం ఇంకొకటి మీ నుంచి కావాలి.

నీలిగగనం:

*మబ్బు కొనను పుట్టి మరల కిందికి రాక*
*నీలి రంగు పులిమి నిండు నిశిని*
*రెప్ప పడకముందె రివ్వున దూసుక*
*నేల విడచి మెఱుపు నింగి కెగసె*

ఛందఃప్రియ:
రెండో పాదంలో నీ–నిం, మూడో పాదంలో రె–రి, యతులు కుదిరాయి. "దూసుక" అని ఆగిపోవడం కొంచెం నాటుగా ఉందేమో చూడండి. "నిండు నిశిని పులిమి" అంటే రాత్రికి రంగు పూయడమా, రాత్రిలో రంగు పూయడమా? అన్వయం ఊగుతోంది.

నిర్వహణ:
నాటుదనమే ఇక్కడ బాగుంది. బ్లూ జెట్ సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో లేస్తుంది. మామూలు మెరుపుతో పోలిస్తే ఇది నిదానమే అయినా "రివ్వున" అన్నమాట దానికి సరిగ్గా తగింది. మొదటి పాదమూ నిజమే, అది పుట్టేది మబ్బు కొన మీదే. అన్వయం గురించి ఛందఃప్రియ గారు చెప్పింది మాత్రం ఒప్పుకోవాలి.

తారాపథం:

*చూచి చెప్పుచుండ చోద్యమ్ము పైలట్లు*
*కల యటంచు బుధులు కాదనిరట*
*కెమెర కన్ను నేడు కిటుకు తేటగ జూపె*
*నేల విడచి మెఱుపు నింగి కెగసె*

నిర్వహణ:
చరిత్రను మూడు పాదాల్లో ఇమిడ్చారు. మబ్బుల మీద వింత వెలుగులు కనిపించాయని పైలట్లు చెబుతూ వచ్చినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, అది నిజం. నాకు పట్టింపు ఒక్కచోటే ఉంది. 1989లో కెమెరాకు చిక్కింది స్ప్రైట్. దాని మొదటి వెలుగు తీగలు 70, 80 కిలోమీటర్ల దగ్గర మొదలై కిందికే దిగుతాయి. అప్పుడు "ఎగసె" అన్న మాటను ఎలా నిలబెడతారు?

తారాపథం:
ఆ కెమెరా 1989 నాటిదని నేను అనలేదండీ, "నేడు" అన్నాను. 2015లో వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్సెన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి బంగాళాఖాతం మీది ఉరుముల మబ్బులను వీడియో తీశాడు. 160 సెకన్ల ఆ వీడియోలో 245 నీలి మెరుపులు లెక్కతేలాయి. 40 కిలోమీటర్ల దాకా లేచిన జెట్ కూడా అందులో ఉంది. నా పద్యంలో కన్ను అదే.

నిర్వహణ:
అయితే పద్యం నిలబడింది. కానీ ఆ నీలం పద్యంలో ఎక్కడా కనిపించలేదు. రంగు ఒక్క మాటగా దొర్లినా ఈ వాదన వచ్చేదే కాదు.

ఛందఃప్రియ:

*కింద కొక్క పిడుగు కెంపు వెలుగు పైన*
*రెండు నొక్క మబ్బు నిండి కనియె*
*నేల నంటె నొకటి, నీటుగా వేఱొండు*
*నేల విడచి మెఱుపు నింగి కెగసె*

నీలిగగనం:
రెండో పాదంలో ప్రాసయతి (రెండు–నిండి) ఎంత సహజంగా పడిందో! కానీ మబ్బు "నిండి" కన్నదా? స్ప్రైట్ పుట్టేది మబ్బు ఒలికినప్పుడు కదా.

ఛందఃప్రియ:
నిండినదే ఒలుకుతుంది గదండీ.

నిర్వహణ:
ఇద్దరి మాటా నిజమే. బలమైన ధన పిడుగు మబ్బులోంచి భారీగా ధన (పాజిటివ్) విద్యుదావేశాన్ని నేలకు ఒక్కసారిగా దించేస్తుంది. ఆ వెలితితో మబ్బు పైన విద్యుత్ క్షేత్రం హఠాత్తుగా పెరుగుతుంది. కింది గాలి చిక్కన కనుక తట్టుకుంటుంది. 70, 80 కిలోమీటర్ల ఎత్తులో గాలి బాగా పలచన, అక్కడ తట్టుకోలేక వెలుగుతుంది. నత్రజని అణువులు ఎరుపు చిమ్ముతాయి, అందుకే "కెంపు" అన్నది సరైన రంగు. పిడుగు దారిలో గాలి 30 వేల డిగ్రీల దాకా కాగుతుంది, స్ప్రైట్‌లో మాత్రం గాలి దాదాపు చల్లగానే ఉంటుంది. "నీటుగా" అన్న మాట ఆ తేడాను పట్టుకుందని నాకు అనిపిస్తోంది.

ఇక "ఎగసె" సంగతి. ముందు దిగే తీగలు దిగాక, ఆ వెలుగులోంచే మరికొన్ని తీగలు పైకి విచ్చుకుని 90 కిలోమీటర్ల దాకా పోతాయి. పద్యం ఆ రెండో సగాన్ని చెబుతోంది. నేలనంటిన పిడుగు పక్కనే నేలను కాదన్న మెరుపును నిలబెట్టడంతో సమస్యలోని వైరుధ్యం దానంతటదే విడిపోయింది. ఇంతవరకు వచ్చినవాటిలో నాకు ఇదే మిన్న.

వానకోయిల:
మబ్బు పైకి పోనక్కరలేదేమో. మామూలు పిడుగులోనే ముందు మసక దారి ఒకటి మబ్బు నుంచి దిగుతుంది, అది నేలను అందుకోగానే కళ్లు చెదిరే వెలుగు ఆ దారినే పట్టుకుని కింద నుంచి పైకి పరుగెత్తుతుంది. కాబట్టి:

*మబ్బు నుండి దారి మంటికి పడినంత*
*దాని పట్టి వెలుగు తళుకు మనుచు*
*వెండి తీగ వోలె వెనుదారి పరుగెత్తి*
*నేల విడచి మెఱుపు నింగి కెగసె*

తారాపథం:
అద్భుతం! ఇక్కడ "నేల విడచి" అన్నదానికి ఏ వంకర అర్థమూ అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టే. దా–త యతి కూడా చక్కగా ఒదిగింది.

నిర్వహణ:
నేను అడిగిన తడిసిన పద్యం ఇదే. షరతు తప్పి మబ్బు కిందికి వచ్చారు, అయినా తీసుకుంటున్నాను. "వెండి తీగ" దగ్గర ఒక్క మాట: ఆ దారి సూటిగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. "తీగ" అన్నారు కాబట్టి మెలిక అందులోనే ఉందనుకుంటాను.

ఎల్వ్ మీద ఇంకా ఎవరూ రాయలేదు. అది ఎగయదు, వందల కిలోమీటర్లు పక్కలకు పరుచుకుంటుంది. ఈ పాదానికి దాన్ని ఒప్పించగలిగినవారు రాయండి.