కొట్టకుండా కుక్కపిల్లకు కరవడం, మొరగడం ఎలా మాన్పించాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. వీధిలో తల్లి లేకుండా తిరుగుతున్న నాటు కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంటున్నాం. పేరు చిట్టి. నాలుగో నెల నడుస్తోంది. రేబిస్ టీకా వేయించాం.

బాగా ఆడుతూనే ఉన్నట్టుండి మా పాప పావడా అంచు పట్టుకుని లాగుతుంది. విడిపించబోతే వేళ్లు కొరుకుతుంది. పాలపళ్లు సూదుల్లా దిగుతాయి. ఆరేడు నెలలకల్లా ఇవన్నీ ఊడి గట్టి పళ్లు వస్తాయని, అందాకా చిగుళ్ల బాధకు ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుందని పశువుల డాక్టర్ చెప్పారు. తడిగుడ్డను ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే కాసేపు నములుతుంది. కొరికిన వెంటనే నేను ఆట ఆపి పక్కకు తిరిగితే చిట్టి కూడా ఆగిపోతుంది. పాప మాత్రం అరుస్తూ పరిగెడుతుంది, దాంతో అది ఇంకా హుషారుగా వెంటపడుతుంది. ఐదేళ్ల పిల్లకు ఏం నేర్పితే బాగుంటుంది?

మొరుగుడు ఇంకో టెన్షన్. పాలాయన బండి గేటు ముందు ఆగితే చాలు, మొదలు. రాత్రి వీధికుక్కలు అరిస్తే ఇది కూడా గొంతు కలుపుతుంది. పక్కింట్లో గుండెజబ్బు ఉన్న పెద్దాయన ఉన్నారు, ఆయన నిద్ర చెడుతోందని నాకు నిజంగా బాధగా ఉంది. కట్టెతో రెండు తగిలిస్తే అదే ఊరుకుంటుందని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. భయపడిన కుక్కే రేపు నిజంగా కరుస్తుంది.

ఊరుకున్నాక ఉడికించిన చికెన్ ముక్క ఇస్తున్నాను. మొరిగితే తిండి దొరుకుతుందని అనుకుంటుందా? ఎంతసేపు ఊరుకున్నాక ఇవ్వాలి? రాత్రిపూట ఇంట్లో పడుకోబెడితే తగ్గుతుందా? నాటు కుక్కలను పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.