బ్యాగులకైతే ఇస్తాం, జీతాలకు ఇవ్వం: ఈ మాట సరైనదేనా?

కూకట్‌పల్లి వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో 14 కుటుంబాలం నెలనెలా కొంత డబ్బు పోగేస్తాం. గద్వాల వైపు బడి మానేసిన పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థకు ఇన్నాళ్లూ బ్యాగులు, నోటుబుక్కులు ఇచ్చాం. పోయినేడు బెంచీలు కూడా కొనిచ్చాం. ఈసారి వాళ్లు వేరేది అడిగారు. "బ్యాగులు చాలండి, రెండు ఊళ్లు తిరిగే కార్యకర్తకు ఏడాది జీతం ఇవ్వగలరా?" అని. దాంతో మా గ్రూపు రెండుగా చీలింది. మన డబ్బు పిల్లలకు చేరాలి గానీ జీతాలకు కాదని సగం మంది అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. మీరేమంటారు?

బెజవాడ మాస్టారు:
ఇవ్వొద్దండి. నేను మూడేళ్లు ఒక సంస్థకు డబ్బు పంపాను. ఒకసారి చెప్పకుండా వెళ్లి చూస్తే బోర్డు ఉంది, పిల్లలు లేరు. అడిగితే "స్టాఫ్ ఖర్చులు" అన్నారు. అప్పటి నుంచి వస్తువే కొని పిల్లవాడి చేతికే ఇస్తున్నాను. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి ఊరికే తగ్గించలేదు కదా.

పాలమూరు బిడ్డ:
మాస్టారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ చట్టం విదేశాల నుంచి వచ్చే డబ్బుకే వర్తిస్తుంది. దాని రూల్స్‌లోనే ఆసుపత్రిలో డాక్టర్ల జీతం, బడిలో టీచర్ల జీతం పరిపాలనా ఖర్చు కిందికి రావని ఉంది. పని చేసేది మనిషే అయినప్పుడు ఆ మనిషి జీతమే పని ఖర్చు.

నేను ఆరేళ్లు ఇలాంటి కార్యకర్తగానే పని చేశాను, అందుకే చెబుతున్నాను. మా దగ్గర సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేస్తారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలు ఒక్క రోజు కూడా ఆగకూడదు. చిన్న చేతులు, వంగక్కర్లేని ఎత్తు, తక్కువ కూలి అని ఆడపిల్లల్ని పెట్టుకుంటారు. తల్లి ఎండాకాలంలోనే ఆ కూలి కింద రైతు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటుంది. అలాంటి ఇంటికి బ్యాగు ఇస్తే ఏమవుతుంది? బ్యాగు చిలక్కొయ్యకు వేలాడుతుంది, పిల్ల చేలో ఉంటుంది.

ఆ పిల్ల బడికి రావాలంటే ఒకరు తెల్లారకముందే ఆ గడప దగ్గర ఉండాలి. తల్లితో మాట్లాడాలి, రైతుతో మాట్లాడాలి, అడ్వాన్సు సంగతి సర్పంచ్ ముందు పెట్టాలి. ఆధార్, టీసీ లేవంటే మండలం చుట్టూ తిరగాలి. ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి అయిన కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగాలి. చేర్చాక ఇరవై రోజులకు పిల్ల మళ్లీ మానేస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఒక పిల్ల కోసం నేను పదకొండుసార్లు వెళ్లాను. పన్నెండోసారి ఆమె తండ్రే బడి దాకా తెచ్చి దించాడు.

1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ మొదలుపెట్టింది కూడా ఇలాంటి పనే. ఊరి యువతనే కార్యకర్తలుగా తీసుకున్నారు. ఎప్పుడూ బడి మొహం చూడని పిల్లల్ని బ్రిడ్జ్ క్యాంపుల్లో ఉంచి, చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో సర్కారు బడిలోనే చేర్పించారు. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలన్న మాట 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఉంది. అదంతా బెంచీలతో జరగలేదు, మనుషులు తిరిగితే జరిగింది.

బెజవాడ మాస్టారు:
మీ మాట కాదనలేను తమ్ముడూ. కానీ సేవకు వాలంటీర్లు లేరా? ఇంకో సంగతి. ఏడాది తర్వాత వీళ్లు డబ్బు ఆపేస్తే ఆ కార్యకర్త గతి ఏంటి?

పాలమూరు బిడ్డ:
వాలంటీర్లు ఆదివారం వస్తారండి, వాళ్లంటే నాకు గౌరవమే. పిల్లల్ని పనికి తీసుకెళ్లే ఆటో మాత్రం పొలం నుంచి రోజూ తెల్లవారుజామునే వస్తుంది. ఆ పని చేసే అమ్మాయికీ ఇల్లు ఉంటుంది, చిట్టీ కట్టాలి. జీతం లేకుండా ఎన్నాళ్లు తిరుగుతుంది? రెండో ప్రశ్న మాత్రం సరైనదే. ఏడాది చాలదు, కనీసం మూడేళ్లకు మాటివ్వాలి.

వరంగల్ లెక్కలు:
నేను చిన్న సంస్థల ఆడిట్ చేస్తుంటాను. జీతం ఇవ్వండి, కానీ "ఎంత ఖర్చయింది" అన్న ఒక్క ప్రశ్నతో ఆపకండి. జూన్‌లో చేరినవాళ్లలో ఎంతమంది జనవరిలో ఇంకా బడిలో ఉన్నారో అడగండి. క్రాసింగ్ సీజన్ అప్పటికి అయిపోతుంది, నిలబడ్డవాళ్లెవరో తెలుస్తుంది. బడి హాజరు పట్టీతో పోల్చి చూడండి. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఇక మానేసిన పిల్లల లెక్క కూడా దాచకుండా చెప్పే సంస్థనైతే నేను ఎక్కువ నమ్ముతాను.

బెజవాడ మాస్టారు:
ఆ జనవరి ప్రశ్న నాకు అప్పట్లో తోచలేదు. అడిగి ఉంటే మొదటి ఏడే తెలిసిపోయేది. నాదొక షరతు: ఆ కార్యకర్త ఆ ఊరి మనిషే కావాలి.

కూకట్‌పల్లి వాసి:
అడిగానండి. పక్క ఊరి అమ్మాయేనట, చిన్నప్పుడు తనూ క్రాసింగ్‌కు వెళ్లిందట. ఆదివారం మా మీటింగ్ ఉంది. మూడేళ్ల మాట, జనవరి లెక్క రెండూ వాళ్ల ముందు పెడతాను. బ్యాగుల ఆర్డర్ మాత్రం ఇవాళే ఆపించాను.