వెనీర్ ప్యానెల్ పేటెంట్: రెండు పాత పత్రాలు కలిపి అభ్యంతరం పెట్టారు, ఏమని జవాబివ్వాలి?

పేటెంట్ల పని తెలిసినవారు కాస్త దారి చెప్పండి. గోడలకు, తలుపులకు వాడే వెనీర్ (పల్చటి చెక్క పొర) ప్యానెల్ తయారీ పద్ధతికి అప్లికేషన్ వేశాను. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన) పలక మీద జిగురు పూయకుండా రెజిన్ పొడి, చెక్కపొడి కలిపి పరుస్తాం. పైన, కింది ముఖం కాస్త తడిపిన 0.6 మి.మీ. వెనీర్ వేసి హాట్ ప్రెస్‌లో ఒకేసారి నొక్కుతాం. కరిగిన రెజిన్ వెనీర్ రంధ్రాల్లోకి ఎక్కి పైపొర గట్టిపడుతుంది.

అప్లికేషన్‌ని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ అనేదేమంటే, పొడి పొర ఒక పాత పేటెంటులో ఉందట, వెనీర్ తడపడం ఇంకోదాంట్లో ఉందట, రెండూ కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనట. కానీ ఆ రెండోదాంట్లో తడిపేది వెనీర్‌ని వంచడానికి! మేం కింది ముఖం మాత్రమే తడుపుతాం, వేడి పొడిలోకి త్వరగా దిగాలని. అసలు తడి ఎక్కువైతే ప్రెస్ తెరవగానే ఆవిరికి వెనీర్ బుడగలెత్తుతుంది, అందుకే మామూలుగా ఎవరూ తడపరు.

ఈ వాదన నిలుస్తుందా? తడిపినవి, తడపనివి పోల్చిన పరీక్షా ఫలితాలు ఇప్పుడు జతచేస్తే లెక్కలోకి తీసుకుంటారా? ఇంకో చిక్కు: వెనీర్ తేమ 12 శాతం అని ఒక్క ఉదాహరణలోనే రాశాం. క్లెయిమ్‌లో (మేం హక్కు కోరే అంశాలు రాసే భాగంలో) 10 నుంచి 14 అని పెడితే కొత్త విషయం చేర్చారని కొట్టేస్తారేమో. 12కే కట్టుబడితే పోటీవాళ్లు 13తో తప్పించుకుంటారు. ఇలాంటిది ఎదుర్కొన్నవారు ఏం చేశారు?