సబ్‌మాండిబ్యులర్ ట్రయాంగిల్: మైలోహయాయిడ్ ఎత్తినాక ఏది ఏదో ఎట్ల గుర్తుపట్టాలి?

తిరుపతి ఫస్టియర్:

అన్నలకు, అక్కలకు నమస్తే. తిరుపతిలో ఎంబీబీఎస్ మొదటి ఏడాది. మాకిప్పుడు మెడ డిసెక్షన్ జరుగుతా ఉంది. సబ్‌మాండిబ్యులర్ అన్నా డైగాస్ట్రిక్ అన్నా ఒకటే అయిన, దవడ కిందున్న ఈ ట్రయాంగిల్ హద్దులు నోటికి వచ్చు. పైన దవడ కింది అంచు, అక్కడి నుంచి చెవి వెనక ఎముక మాస్టాయిడ్ దాకా ఊహారేఖ. ముందు డైగాస్ట్రిక్ కండరం ముందు భాగం (యాంటీరియర్ బెల్లీ), వెనక దాని వెనక భాగం (పోస్టీరియర్ బెల్లీ), దాంతో పాటు స్టైలోహయాయిడ్ కండరం. బొమ్మలో అంతా తేటగా ఉంటుంది, టేబుల్ మీద మాత్రం తేలడం లేదు.

సబ్‌మాండిబ్యులర్ లాలాజల గ్రంథిని పక్కకు జరిపి లోపలికి చూస్తే నాలుక కండరం హయోగ్లాసస్ మీద ఒకే రంగులో మూడు తాళ్లు ముందుకు పోతా ఉంటాయి. నాలుకకు స్పర్శ ఇచ్చే లింగ్వల్ నర్వ్ ఏది, గ్రంథి లాలాజలాన్ని నోట్లోకి తెచ్చే డక్ట్ ఏది, నాలుకను కదిలించే హైపోగ్లాసల్ నర్వ్ ఏది? ఫేషియల్ ఆర్టరీ గ్రంథికి లోపల, వెయిన్ బయట అంటారు. మరి దవడ అంచు దగ్గర రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయి? ఇంకొకటి, దవడ కింద వాపు గ్రంథిదా లింఫ్ నోడ్‌దా అనేది చేత్తో చూసి ఎట్ల చెప్పాలి? వైవాలో ఇది తప్పకుండా అడుగుతారంట.

అనాటమీ ట్యూటర్, చిత్తూరు:

తమ్ముడూ, హద్దులు పక్కన పెట్టు. ఈ ప్రాంతమంతా ఒక్క అంచు మీద ఆధారపడి ఉంది, అది మైలోహయాయిడ్ అనే కండరం వెనక అంచు. ఏ నిర్మాణం కనిపించినా, ఇది మైలోహయాయిడ్‌కు బయట ఉందా లోపల ఉందా అని ముందు అడుగు. సగం గందరగోళం అక్కడే పోతుంది.

మైలోహయాయిడ్ దవడ లోపలి గోడ మీదున్న మైలోహయాయిడ్ లైన్ దగ్గర మొదలవుతుంది. వెనక పోగులు హయాయిడ్ ఎముకకు, మిగతావి నడిమధ్య ర్యాఫేకు, అంటే రెండు వైపుల పోగులు కలిసే గీతకు చేరతాయి. రెండు వైపులవీ కలిస్తే నోటికి నేల. ముందు భాగమంతా మూసే ఉంటుంది, వెనక అంచు మాత్రం ఏ ఎముకకూ అంటదు. మెడ నుంచి నోట్లోకి దారి ఆ సందే. గ్రంథి ఆ అంచును తలుపు చివర పట్టుకున్న చేయిలాగా చుట్టుకొని ఉంటుంది: అరచేయంత పెద్ద భాగం బయట, వేళ్ల కొసలంత చిన్న భాగం లోపల. పుస్తకాల్లో సూపర్‌ఫిషియల్ పార్ట్, డీప్ పార్ట్ అని రాసేది దీన్నే. రెండు గ్రంథులు కావు, ఒకటే.

ఇప్పుడు టేబుల్ దగ్గరికి. భుజాల కింద దిమ్మ పెట్టి మెడ వెనక్కి వాల్చి, తల అవతలి వైపు తిప్పండి. ఇది చేయకుండా మొదలుపెడితే దవడ అడ్డం వచ్చి ఏమీ కనిపించదు. చర్మం తీసినాక దాని కిందున్న పలచని కండరం ప్లాటిస్మాను కింది నుంచి పైకి మడవండి. దాని లోపలి ముఖానికి అంటుకొనే ఫేషియల్ నర్వ్ సర్వైకల్ బ్రాంచ్ ఉంటుంది. ప్లాటిస్మాను ఫ్యాట్‌తో కలిపి లాగేస్తే అది కూడా పోతుంది, చాలా టేబుళ్ల మీద అది దొరకకపోవడానికి కారణం ఇదే. తర్వాత ఇన్వెస్టింగ్ ఫేషియా, అంటే మెడను చుట్టి కప్పే పొర. హయాయిడ్ నుంచి పైకి వస్తా అది రెండు పొరలై గ్రంథిని కప్పుతుంది. బయటి పొర దవడ కింది అంచుకు, లోపలి పొర మైలోహయాయిడ్ లైన్‌కు అంటుతాయి.

బయటి పొర మీద నిలువుగా దిగేది ఫేషియల్ వెయిన్. నీ రెండో సందేహానికి జవాబు ఇక్కడుంది. ఫేషియల్ ఆర్టరీ, వెయిన్ రెండూ దవడ అంచును నమిలే కండరం మాసెటర్ ముందు కింది మూల దగ్గరే దాటతాయి, ఆర్టరీ ముందు, వెయిన్ దాని వెనకే. అక్కడ పక్కపక్కన కనిపించడం సహజం. విడిపోయేది అంచు కిందికి వచ్చినాక. వెయిన్ గ్రంథి పైనుంచి నేరుగా కిందికి, వెనక్కి దిగి రెట్రోమాండిబ్యులర్ వెయిన్ ముందు కొమ్మతో కలుస్తుంది. ఆర్టరీ వచ్చే దారి వేరే. హయాయిడ్ గ్రేటర్ కార్ను కాస్త పైన ఎక్స్‌టర్నల్ కెరోటిడ్‌లో పుట్టి, పోస్టీరియర్ బెల్లీ, స్టైలోహయాయిడ్ రెండింటి లోపలి నుంచి పైకెక్కి, గ్రంథి వెనక కొస మీద గాడి చేసుకొని, మళ్లీ దవడకూ గ్రంథికీ మధ్య కిందికి దిగి, అప్పుడు అంచు చుట్టూ తిరిగి ముఖం మీదికి పోతుంది. ఇన్ని వంపులున్నాయి కాబట్టే నోరు తెరిచినప్పుడు, మింగినప్పుడు అది లాగుకుపోదు. నీ మీదే చూసుకో: పళ్లు గట్టిగా కొరికితే మాసెటర్ ముందు అంచు తేలుతుంది, దానికి కాస్త ముందు దవడ ఎముక మీద వేలు ఆనిస్తే నాడి తగులుతుంది.

ఇక మూడు తాళ్లు. ముందు యాంటీరియర్ బెల్లీని దవడ దగ్గర, డైగాస్ట్రిక్ ఫోసాలో కోసి కిందికి తిప్పండి. అప్పుడు మైలోహయాయిడ్ బయటి ముఖం మొత్తం బయటపడుతుంది. తర్వాత దాన్ని నడిమధ్య ర్యాఫే దగ్గర, హయాయిడ్ దగ్గర వేరు చేసి దవడ వైపుకు ఎత్తండి. దవడ వైపు కోయొద్దు, నర్వ్ టు మైలోహయాయిడ్ అటు నుంచే వస్తుంది. లోపల హయోగ్లాసస్ కనిపిస్తుంది, దాని పోగులు హయాయిడ్ నుంచి నిలువుగా నాలుక పక్కకు ఎక్కతా ఉంటాయి. దాని బయటి ముఖం మీద పై నుంచి కిందికి వరుస ఇది: లింగ్వల్ నర్వ్, దాన్నుంచి వేలాడే సబ్‌మాండిబ్యులర్ గ్యాంగ్లియాన్ (నర్వ్ కణాల చిన్న ముడి), గ్రంథి డీప్ పార్ట్, అందులోంచి ముందుకు పోయే డక్ట్, అన్నిటికన్నా కింద హయాయిడ్‌కు దగ్గరగా హైపోగ్లాసల్.

రంగును నమ్మొద్దు, ఫార్మలిన్‌లో అన్నీ ఒకటే. మూలాన్ని పట్టుకో. డక్ట్‌ను వెనక్కి లాగితే గ్రంథి కదులుతుంది. లింగ్వల్‌ను వెనక్కి పట్టుకొని పోతే మూడో మోలార్ వెనక, దవడ లోపలి గోడకు ఆనుకొని పైకి పోతుంది. హైపోగ్లాసల్‌ను వెనక్కి పట్టుకొని పోతే డైగాస్ట్రిక్ పోస్టీరియర్ బెల్లీ కిందకి దూరుతుంది, పక్కనే ఒక సన్నని వెయిన్ తోడుగా వస్తుంది. ముందు వైపు మాత్రం జాగ్రత్త. డక్ట్, లింగ్వల్ అక్కడ ఒకదాన్నొకటి దాటతాయి: నర్వ్ ముందు డక్ట్‌కు బయటి వైపు ఉండి, దాని కిందగా పోయి, లోపలి వైపు పైకి లేచి నాలుకలోకి వెళుతుంది. ముందు భాగం ఒక్కటే శుభ్రం చేసి చూస్తే పైన ఏదుందో కింద ఏదుందో తారుమారుగా కనిపిస్తుంది.

లింగ్వల్ ఆర్టరీ కూడా ఇక్కడే ఉంటుందని వెతకొద్దు. అది హయోగ్లాసస్‌కు లోపల. హైపోగ్లాసల్ బయట, ఆర్టరీ లోపల, మధ్యలో కండరం.

ఈఎన్‌టీ పీజీ:

ట్యూటర్ గారు చెప్పిన వరుసనే ఆపరేషన్‌లో మేము బయటి నుంచి లోపలికి చూస్తాము. గ్రంథి తీసేటప్పుడు దెబ్బ తగిలే నర్వ్‌లు మూడు, ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటుంది.

మొదటిది ఫేషియల్ నర్వ్ కొమ్మ మార్జినల్ మాండిబ్యులర్. ప్లాటిస్మా లోపల, ఫేషియల్ వెయిన్‌కు బయట. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ 100 ముఖార్ధాలను డిసెక్ట్ చేసి చూస్తే, ఫేషియల్ ఆర్టరీకి వెనక భాగంలో 81 శాతంలో ఈ నర్వ్ దవడ అంచుకు పైనే ఉంది, 19 శాతంలో అంచు కిందికి 1 సెంటీమీటర్ దాకా దిగింది. అందుకే కోత అంచు మీద పెట్టరు. రెండు వేళ్ల వెడల్పు, అంటే 3 నుంచి 4 సెంటీమీటర్లు కింద, మెడ మడతలో పెడతారు. లోపలికి పోయినాక వెయిన్‌ను గ్రంథి కింది అంచు దగ్గరే కట్టి కోసి, పైన మిగిలిన కొసను ఫేషియాతో కలిపి పైకి ఎత్తితే నర్వ్ దాంతో పాటే పైకి పోయి భద్రంగా ఉంటుంది. ఇది దెబ్బ తింటే కింది పెదవి మూల కిందికి దిగదు, నవ్వితే పెదవి వంకర కనిపిస్తుంది.

రెండోది లింగ్వల్. మైలోహయాయిడ్ వెనక అంచును రిట్రాక్టర్‌తో ముందుకు లాగి, గ్రంథిని కిందికి గుంజితే, గ్యాంగ్లియాన్ పట్టుకొని ఉండడం వల్ల లింగ్వల్ నర్వ్ V ఆకారంలో కిందికి వంగి వస్తుంది. ఈ వంపు స్పష్టంగా చూడకుండా క్లాంప్ వేయకూడదు. గ్యాంగ్లియాన్ నుంచి గ్రంథికి పోయే చిన్న కొమ్మలు కోయగానే నర్వ్ పైకి లేచిపోతుంది. ఆ తర్వాతే డక్ట్ కట్టాలి, అదీ వీలైనంత ముందుకు పోయి. మిగిలిన డక్ట్ ముక్కలో రాయి ఉండిపోతే మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుంది. లింగ్వల్ పోతే ఆ వైపు నాలుక ముందు భాగం మూడింట రెండు వంతుల్లో స్పర్శా పోతుంది, రుచీ పోతుంది. రుచి తెచ్చే కార్డా టింపనీ పైన ఇన్‌ఫ్రాటెంపోరల్ ఫోసాలోనే దీంతో కలిసిపోయి ఉంటుంది కదా.

మూడోది హైపోగ్లాసల్. రక్తం కారుతున్నప్పుడు గుడ్డిగా క్లాంప్ వేస్తే దొరికిపోయేది ఇదే. దెబ్బ తింటే నాలుక చాపినప్పుడు దెబ్బ తిన్న వైపుకే తిరుగుతుంది.

ఫేషియల్ ఆర్టరీ చాలాసార్లు రెండు చోట్ల కట్టాల్సి వస్తుంది: పోస్టీరియర్ బెల్లీ పైన ఒకటి, దవడ అంచు దగ్గర ఒకటి. ఎందుకో ట్యూటర్ గారు చెప్పిన వంపులు గుర్తు తెచ్చుకుంటే నీకే తెలుస్తుంది.

తిరుపతి ఫస్టియర్:

చాలా థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ అన్నా. గ్రంథిని పట్టుకొని లాగి చూడడమనేది తోచనే లేదు. డైగాస్ట్రిక్ ఒకే కండరం కదా, రెండు బెల్లీలకు రెండు వేరే నర్వ్‌లు ఎందుకు? వాపు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

అనాటమీ ట్యూటర్, చిత్తూరు:

యాంటీరియర్ బెల్లీ పిండంలో మెడ దగ్గర ఏర్పడే మడతల్లో మొదటిదైన మొదటి ఫారింజియల్ ఆర్చ్ నుంచి వస్తుంది, దాని నర్వ్ మాండిబ్యులర్. పోస్టీరియర్ బెల్లీ రెండో ఆర్చ్, దానిది ఫేషియల్. రెండూ మధ్యలో టెండన్‌తో కలిశాయి. ఆ టెండన్‌ను ఫేషియా ఉచ్చు హయాయిడ్‌కు కట్టి ఉంచుతుంది, స్టైలోహయాయిడ్ రెండుగా చీలి దాన్ని ఇరువైపులా పట్టుకుంటుంది. మైలోహయాయిడ్ కూడా మొదటి ఆర్చే కాబట్టి యాంటీరియర్ బెల్లీకీ దానికీ నర్వ్ ఒకటే.

ఓరల్ సర్జరీ పీజీ:

వాపు గురించి నేను చెప్తాను, మా ఓపీలో రోజూ చేసే పరీక్ష ఇది. రోగిని గడ్డం కొంచెం కిందికి వంచమనాలి, అప్పుడు కండరాలు వదులవుతాయి. గ్లవ్ వేసుకున్న చూపుడు వేలు నోట్లో, నాలుకకూ పళ్లకూ మధ్య నేల మీద పెట్టి, రెండో చేత్తో దవడ కింద నుంచి పైకి నొక్కాలి. గ్రంథి అయితే రెండు చేతుల మధ్యా తగులుతుంది, ఎందుకంటే అది మైలోహయాయిడ్‌కు రెండు వైపులా ఉంది. లింఫ్ నోడ్ అయితే బయటి చేతికే అందుతుంది. నోడ్‌లు గ్రంథి మీద, దవడ అంచు వెంబడి ఉంటాయి. పరోటిడ్‌లో లాగా ఈ గ్రంథి లోపల నోడ్‌లు ఉండవు. వేలు నోట్లో ఉండగానే డక్ట్ దారంతా వెనక నుంచి ముందుకు తడుముకుంటూ రండి, రాయి ఉంటే గింజలాగా తగులుతుంది. వెనక నుంచి ముందుకు అనేది ముఖ్యం, లేదంటే వేలే రాయిని గ్రంథి వైపుకు నెట్టేస్తుంది.

తినేటప్పుడు, ముఖ్యంగా చింతపండు పులుసో నిమ్మకాయ ఊరగాయో నోట్లో పడగానే వాచి, ఒకటి రెండు గంటల్లో తగ్గిపోతే రాయిని అనుమానించాలి. లాలాజల గ్రంథుల రాళ్లలో సుమారు 80 శాతం ఇక్కడే. ఈ లాలాజలం చిక్కన, కాల్షియం ఎక్కువ, 5 సెంటీమీటర్ల డక్ట్ కింది నుంచి పైకి ఎక్కాలి, నోట్లో తెరుచుకునే రంధ్రం సన్నం. నోడ్ వాపుకు తిండితో సంబంధం ఉండదు. నోడ్ గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే ఊరికే మాత్రలు రాసి పంపకూడదు. పొగాకు, వక్క నమిలే వాళ్లలో నాలుక పక్కలు, చెంప లోపలి వైపు, చిగుళ్లు వెలుతురు పెట్టి చూడాలి. నాలుక కొన, కింది పెదవి మధ్య భాగం, కింది ముందు పళ్లు మాత్రం రెండు యాంటీరియర్ బెల్లీల మధ్యనున్న సబ్‌మెంటల్ నోడ్‌లకు పోతాయి.

మైలోహయాయిడ్ మాకు ఇంకో లెక్కలో కూడా ముఖ్యం. కింది రెండో, మూడో మోలార్ వేళ్ల కొసలు సాధారణంగా మైలోహయాయిడ్ లైన్‌కు కింద ఉంటాయి, అక్కడి చీము లోపలి గోడ పగలగొడితే నేరుగా దవడ కిందికి దిగుతుంది. ప్రీమోలార్లు, మొదటి మోలార్ కొసలు లైన్‌కు పైన, వాటి చీము నాలుక కింద చేరుతుంది. రెండు గదులూ వెనక అంచు దగ్గర కలుస్తాయి. అందుకే ఒక వైపు మొదలైంది రెండు వైపులా గట్టిగా పాకితే అది లుడ్‌విగ్స్ ఆంజైనా. 1836లో లుడ్‌విగ్ వర్ణించింది. నాలుక పైకి, వెనక్కి తోసుకొచ్చి ఊపిరి దారిని మూస్తుంది. పంటి నొప్పితో వచ్చిన మనిషికి దవడ కింద చెక్కలాగా గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, చొంగ కారడం, వెల్లకిలా పడుకోలేకపోవడం కనిపిస్తే ఎక్స్‌రే కోసం లైన్లో నిలబెట్టొద్దు. కూర్చోబెట్టే ఉంచి వెంటనే క్యాజువాలిటీకి పంపాలి, మొదట చూడాల్సింది ఊపిరి దారి.

తిరుపతి ఫస్టియర్:

అర్థమైంది అక్కా. చివరగా ఒకటి. స్పాటర్‌లో, అంటే పిన్ గుచ్చినదాని పేరు రాసే పరీక్షలో, మైలోహయాయిడ్ మీద సన్నని నర్వ్‌కు పిన్ గుచ్చి పెడితే హైపోగ్లాసల్ అని రాయొచ్చా?

అనాటమీ ట్యూటర్, చిత్తూరు:

పిన్ ఉన్నది మైలోహయాయిడ్ బయటి ముఖం మీదైతే రాయొద్దు. అది నర్వ్ టు మైలోహయాయిడ్, ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ కొమ్మ. పక్కనే ఫేషియల్ ఆర్టరీ నుంచి వచ్చే సబ్‌మెంటల్ ఆర్టరీ నడుస్తా ఉంటుంది, అది చూసి ఖాయం చేసుకో. హైపోగ్లాసల్ దానికన్నా లావు, మైలోహయాయిడ్ వెనక అంచు దాటి లోపలికి పోయేదే తప్ప దాని బయటి ముఖం మీద ముందుకు పోదు.