బావ విమానానికి గోదావరి రంగులు: ఏ డిజైన్ బాగుంటుంది?

అమలాపురం_బ్రష్
అందరికీ నమస్కారమండి. బుల్లెట్ ట్యాంకులు, ట్రాక్టర్ బానెట్లు, దిండి వైపు హౌస్‌బోట్లు... పదకొండేళ్లుగా ఎయిర్‌బ్రష్ పని చేస్తున్నాను. విమానం మాత్రం ఇదే మొదటిసారి. టెక్సాస్‌లో ఉన్న మా బావ పాత సెస్నా 172 కొన్నారు. పాత పెయింట్ తీయించి కొత్తగా వేయిస్తున్నారు. రంగు కొట్టేది అక్కడి షాపు వాళ్లు. డిజైను, స్టెన్సిళ్లు నావి. "చూడగానే మన గోదావరి గుర్తు రావాలి" అన్నారు.

రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, విమానం ఒళ్లంతా దృశ్యం: ధవళేశ్వరం బ్యారేజీ, కొబ్బరితోటలు, పంటు, సూర్యాస్తమయం. రెండోది, తెల్లటి విమానం మీద తోక దగ్గర పాలపిట్ట. నా మనసు మొదటిదాని మీదే ఉంది. కానీ ట్యాంకు పాడైతే రుద్ది మళ్లీ వేస్తాను, ఇది అలా కాదు కదా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాకినాడ_ట్యాంకు
దృశ్యం వద్దు తమ్ముడూ. ఒక మినీ బస్సుకి రెండు పక్కలా కొబ్బరితోట వేశాను. మూడు నెలలకే తలుపు గీరుకుంది. ఒకే రంగైతే ప్యాచ్ కలిసిపోతుంది. నారింజలోంచి ఊదాలోకి జారే ఆకాశం మధ్యలో గీత పడితే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతావు? తలుపొక్కటే నాలుగు రోజులు పట్టింది. అయినా ఎండలో చూస్తే అతుకు తెలుస్తుంది. నువ్వు ఇక్కడ, విమానం అక్కడ. రేపు గీత పడితే సరిచేసేదెవరు?

రెంచీ_రాజమండ్రి
విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ముందు తోక సంగతి చూడండి. నిటారుగా ఉండే తోకలో ముందు భాగం, అంటే ఫిన్, కదలదు. వెనక ఉన్న రడ్డర్ కీళ్ల మీద అటూ ఇటూ తిరుగుతుంది. రెక్కల వెనక అంచున ఉండే ఐలరాన్లు, అడ్డతోక మీది ఎలివేటర్ కూడా కదిలేవే. వీటికి కీలు ముందు, కీలు వెనక బరువు లెక్క ప్రకారం ఉండాలి. వెనక భాగంలో రంగు పొరలు పేరుకుంటే తూకం తప్పుతుంది. అప్పుడు వేగం పెరిగేకొద్దీ ఆ భాగం రెపరెపలాడే ప్రమాదం ఉంది. దాన్నే ఫ్లట్టర్ అంటాం. ముదిరితే విమానం గాల్లోనే విరిగిపోవచ్చు. అందుకే రంగు వేశాక తూకం చూడాల్సిందే. పిట్ట ఈకల పనంతా ఫిన్ మీదే పెట్టండి. రడ్డర్‌కి ఒకటే రంగు, పల్చగా.

ఇంకొకటి. ముందు వైపు ఎడమ పక్కన స్టాటిక్ పోర్ట్ అని చిన్న రంధ్రం ఉంటుంది. ఎత్తు, వేగం చూపించే మీటర్లకు గాలి ఒత్తిడి అక్కడి నుంచే అందుతుంది. దాని మీద రంగు పడకూడదు, కప్పిన టేపు తీయడం మరవకూడదు. 1996లో పెరూలో ఒక బోయింగ్ 757ను శుభ్రం చేసినవాళ్లు ఆ టేపు తీయలేదు. రాత్రివేళ సముద్రంలో కూలి 70 మంది పోయారు. మీ డిజైన్ కాగితం మీదే ఆ రంధ్రం చుట్టూ ఎర్ర గీత గీసి పంపండి.

శాంపిల్‌కి టూ-ప్యాక్ పాలీయురేథేన్, అంటే గట్టిపడడానికి హార్డెనర్ కలిపి కొట్టే రంగు, వాడితే మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. సరైన మాస్కు లేకుండా గన్ను పట్టుకోవద్దండి.

యానాం_పడవ
మా నాన్నగారు పడవకి రంగు వేశాక దాన్ని నీళ్ల మధ్యకి తీసుకెళ్లి, ఒడ్డున ఉన్న అమ్మని కేకేసి అడిగేవారు, "మనదేనని తెలుస్తోందా?" అని. తెలియకపోతే పట్టీ వెడల్పు పెంచేవారు. మీరు కూడా ఒక రేకు మీద వేసి, దూరం నుంచి చూడండి.

బండారులంక_నేత
ఉప్పాడ జాందానీ చీర అంచు పెట్టండి సార్, పొడవునా ఒక పట్టీలా. మన చేతిపని అక్కడివాళ్లూ చూడాలి.

డాలస్_అక్క
మా ఆయనకి కూడా చిన్న విమానం ఉంది తమ్ముడూ. ఎన్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరుకి పక్కన చోటు వదులు. మామూలుగా 12 అంగుళాల ఎత్తుండాలి, వెనక రంగులో కలిసిపోకూడదు. సూర్యాస్తమయం మీద ఏ రంగు అక్షరం నిలుస్తుంది చెప్పు? కుడి పక్క స్టెన్సిల్ తిప్పి కోసేటప్పుడు బొమ్మని తిప్పు, "గోదావరి" అన్న పేరుని తిప్పకు. ఫోన్లో ఫొటో చూసి నీలం కలపమనొద్దు. రంగు వేసిన ముక్కే కొరియర్ చెయ్యి.

అమలాపురం_బ్రష్
అందరికీ దండాలు. యానాం గారు చెప్పినట్టే చేశాను. మూడడుగుల అల్యూమినియం రేకు తెచ్చి, సగంలో సూర్యాస్తమయం, సగంలో పాలపిట్ట రెక్క వేసి కొబ్బరిచెట్టుకి కట్టాను. కాలువ దాటి అవతలి గట్టు మీద నుంచి చూశాను. రెండు రోజులు కూర్చుని వేసిన పంటు లేదు, కొబ్బరాకులు లేవు. మాసిపోయిన నారింజ మరకలా ఉంది. రెక్కలో ముదురు నీలం, లేత నీలం పట్టీలు మాత్రం దేనికది తెలుస్తున్నాయి. ఏం వేశానో మా అబ్బాయికి చెప్పలేదు. పక్కనే నిలబడి "నాన్నా, పాలపిట్ట!" అన్నాడు.

బావతో మాట్లాడాను. పాలపిట్టే. కూర్చున్నప్పుడు గోధుమరంగుగా ఉండి, ఎగిరితేనే నీలం చూపించే పిట్ట అది. సెస్నాకి రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కింద నిలబడ్డవాళ్లకి రెక్కల అడుగే కనిపిస్తుంది. అందుకని నీలం పట్టీలు రెక్కల అడుగున, చివర్లలో వేద్దామనుకుంటున్నాను. అవి ఐలరాన్ల మీదకి కూడా వస్తాయి కాబట్టి అక్కడ బొమ్మ పని లేకుండా ఒట్టి రంగే, ఆ తర్వాత తూకం. రెంచీ గారూ, ఇది సరేనా? పిట్ట తల, మెడ ఫిన్ మీద. బండారులంక గారూ, జాందానీ అంచు తలుపు చుట్టూ సన్నగా పెడుతున్నాను. ఎక్కేటప్పుడు మనిషి దగ్గరగా నిలబడి చూసే చోటు అదొక్కటే.

ఒక సాయం కావాలండి. రెక్కలు పూర్తిగా విప్పిన పాలపిట్టని కింద నుంచి తీసిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. మా ఊళ్లో కరెంటు తీగల మీద రోజూ కూర్చుంటాయి గానీ, ఫోన్ తీసేలోపే చేల మీదుగా వెళ్లిపోతున్నాయి. అడుగున ఏ పట్టీ ఎక్కడ మొదలవుతుందో చూసుకుని గానీ స్టెన్సిల్ కోయను.