‘అంతరాభిముఖ కోణాలు’: ఆ అభిముఖం దేనికి?

త్రిభుజ బాహ్యకోణం దాని అంతరాభిముఖ కోణాల మొత్తానికి సమానం అన్న సూత్రాన్ని మా అమ్మాయి గడగడా అప్పజెబుతుంది. లెక్క దగ్గరే తడబడుతోంది. బాహ్యకోణం 120°, లోపలి కోణాల్లో దూరంగా ఉన్న ఒకటి 50° అని ఇస్తే, పక్కనే ఉన్న 60°ని తెచ్చి కలుపుతోంది. అభిముఖం అంటే ఎదురుగా ఉన్నది అన్నాను. ‘దేనికి ఎదురుగా?’ అంది. ఈ పదాన్ని ఎలా విడదీసి చెప్పాలి?

—

చక్కటి ప్రశ్న అడిగింది! అంతర + అభిముఖ, సవర్ణదీర్ఘ సంధి. అంతర అంటే లోపలి, అభిముఖ అంటే అటు ముఖం పెట్టినది. దేనికి అన్నది ఆ పదంలో లేదు, సూత్రంలోని ‘దాని’ అన్న చిన్న మాటలో ఉంది: బాహ్యకోణానికి.

ఒక భుజాన్ని శీర్షం దాటించి పొడిగిస్తే బయట ఏర్పడేది బాహ్యకోణం. అక్కడే లోపల ఉన్న కోణం దాన్ని ఆనుకొని ఉంటుంది, అది ఆసన్న కోణం. ఆనుకున్నది అభిముఖం కాదు. మిగిలిన రెండు శీర్షాల దగ్గరివే అంతరాభిముఖాలు. కనుక 120 − 50 = 70. సరిచూసుకోవడానికి మూడూ కలపండి: 50 + 70 + 60 = 180.

ఇంకా నమ్మకం కుదరాలంటే ఆ శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతరంగా ఒక గీత గీయించండి. బాహ్యకోణం రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క ఒక అంతరాభిముఖ కోణానికి ఏకాంతరం (అడ్డగీతకు చెరోవైపున, సమాంతర గీతల లోపల ఉన్న జత), రెండోది మిగిలినదానికి సదృశం (అడ్డగీతకు ఒకే వైపున, అదే స్థానంలో ఉన్న జత). గీతలు సమాంతరం కనుక ఈ జతల్లో కోణాలు సమానం. అంటే 50° ఒకవైపు, 70° మరోవైపు, బాహ్యకోణంలోనే కనిపిస్తాయి. నాకు ఈ గీత అంటే ఎంతో ఇష్టం.

—

గీత గీసింది, లెక్క వచ్చింది. వెంటనే ఇంకో సందేహం. శీర్షాభిముఖ కోణాలు ఒకే బిందువు దగ్గర తాకుతున్నాయి కదా, మరి వాటిని అభిముఖం అని ఎందుకన్నారు అంటోంది.

—

తాకడం వేరు, ఆనుకోవడం వేరు. కోణానికి రెండు భుజాలుంటాయి. (ఇక్కడ భుజం అంటే మూపు కాదు, సంస్కృతంలో లాగా చేయి.) ఆసన్న కోణాలు ఒక చేతిని పంచుకుంటాయి. శీర్షాభిముఖ కోణాలకు శీర్షం ఒక్కటే ఉమ్మడి, చేతులు వేటివి వాటికే. రెండు సరళరేఖలు ఖండించుకున్న చోట ఒక కోణం 65° అయితే దాని రెండు చేతులనూ శీర్షం వెనక్కి పొడిగించి చూపించండి. అటువైపు తెరుచుకునేది కూడా 65°. ఆనుకొని ఉన్నవి మాత్రం 115°.